డెన్వర్‌లో రెండు యూదు క్షయ ఆసుపత్రుల్లో ఏది?

మీ నవలలో 1906 నాటి న్యూయార్క్ దర్జీకి క్షయ బాగా ముదిరింది, అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న డెన్వర్‌లో ఏ యూదు ఆసుపత్రికి పంపాలా అని టెన్షన్ పడుతున్నారు కదా. 1899లో తెరిచిన నేషనల్ జ్యూయిష్ ఆసుపత్రి వద్దు. అక్కడ వైద్యం ఉచితమే, ఏ మతం వాళ్లనైనా చేర్చుకునేవారు, కానీ తొలి దశ రోగులకే చోటు. (కట్టడం 1893 నాటికే సిద్ధం. ఆ ప్రాంతం ఆధారపడ్డ వెండి ధర పడిపోయి నిధుల్లేక ఏళ్ల తరబడి మూతపడి ఉంది పాపం!)

మీ దర్జీకి సరిపోయేది 1904లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టిన జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ. డాక్టర్ చార్లెస్ స్పివాక్ కార్యదర్శిగా ఉన్న ఈ సంస్థ ఏ దశ రోగినైనా తీసుకునేది, కోషర్ (యూదు మత నియమాల ప్రకారం వండిన) భోజనం పెట్టేది. మొదట్లో రోగులను ఉంచింది చెక్క నేల వేసిన గుడారాల్లోనే. కాబట్టి మీ నవలలోని పెద్ద వార్డు సీను తీసేయండి.