డబ్బా మీద చిన్న అక్షరాలు

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర మా పాపకి చాక్లెట్ బిళ్లలు కలిపిన ఐస్‌క్రీమ్ డబ్బా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంది. కల్తీయా మేడమ్?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: కల్తీ కాదమ్మా, కానీ మీరు కొనాలనుకున్నది అది కాదు. మన దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో మామూలు ఐస్‌క్రీమ్ అంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి, ఫ్రోజెన్ డెజర్ట్‌లో దాని బదులు పామాయిల్ లాంటి నూనెలు వాడొచ్చు, ఆ సంగతి డబ్బా మీద రాసి తీరాలి. బిళ్లలు పక్కకి తీసి ఒక చెంచా తినండి. పాలకొవ్వు నోటి వేడికి ఇట్టే కరిగిపోతుంది, కొన్ని నూనె కొవ్వులు అంగిట్లో జిడ్డుగా అంటుకుంటాయి. చాక్లెట్, బిస్కట్ ముక్కలు దట్టించేస్తే ఆ తేడా నాలుకకి తెలియదు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఈసారి ఉత్త వెనీలా కొనండి, పదార్థాల్లో పాలు, క్రీమ్ ముందుంటేనే.