పిల్లల సైకియాట్రీ చేస్తానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

ప్రశ్న: నేను హైస్కూల్ హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. మాది బాపట్ల దగ్గర పల్లె. మా అమ్మాయి ఎంబీబీఎస్ చదివి, హౌస్ సర్జన్సీ చివర్లో ఉంది. నీట్ పీజీలో మంచి ర్యాంకే వచ్చేలా ఉంది. రేడియాలజీయో, డెర్మటాలజీయో తీసుకుంటుందనుకున్నాం. తనేమో సైకియాట్రీ తీసుకుని, ఆ తర్వాత పిల్లల సైకియాట్రీ చేస్తానంటోంది. పిల్లలకి జబ్బు పేరు ఎలా పెడుతున్నారు, అది న్యాయంగా జరుగుతోందా అన్నదాని మీద పరిశోధన చేస్తుందట. బంధువులు ‘పిచ్చి డాక్టర్ అవుతుందా’ అని నవ్వుతున్నారు. ఇందులో బతుకుదెరువు ఉందా? ఎథిక్స్ అనేది కూడా ఒక చదువేనా?

జవాబు: మాస్టారూ, ముందు బంధువుల సంగతి తేల్చేద్దాం. ఎర్రగడ్డ అన్నా, విశాఖలో చినవాల్తేరు అన్నా ఊరి పేరులా కాక తిట్టులా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ రెండు ఆసుపత్రులూ ఉస్మానియా, ఆంధ్రా మెడికల్ కాలేజీల పీజీలు చదువుకునే చోట్లు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ఇంటర్‌లో ఏ గ్రూపు ఇప్పించాలని అరగంట మాట్లాడతారు. లేచి వెళ్తూ, తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి ‘వీడు రాత్రిళ్లు నిద్రపోవట్లేదండీ’ అంటారు. అసలు అడగడానికి వచ్చింది అదే. ఇవాళ నవ్వుతున్న మీ బంధువుల్లోనూ ఎవరో ఒకరు రేపు మనవడికి మాటలు రాలేదని మీ అమ్మాయి నంబరు అడుగుతారు, చూడండి.

ఇక మీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది, ముందు దానికే జవాబు చెబుతాను. పిల్లల సైకియాట్రీలో ఎథిక్స్ పక్కన విడిగా ఉండే సబ్జెక్టు కాదు. జబ్బు పేరు పెట్టడంలోనే అది ఉంటుంది.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా చెల్లెలి కొడుకు రెండో తరగతిలో ఉండగా, టీచర్ పిలిస్తే పలకడు, చెప్పింది చెయ్యడు, కుదురుగా కూర్చోడు అని స్కూలు నుంచి కబురొచ్చింది. ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లాం. పది నిమిషాల్లో ఫైలు మీద ఏడీహెచ్‌డీ అని, అంటే కుదురూ ఏకాగ్రతా లేని జబ్బని, రాసేశారు. మందు చీటీ కూడా చేతికొచ్చింది. ఆ పది నిమిషాల్లో వాడితో ఎవరూ మాట్లాడలేదు, అన్నీ మా చెల్లెల్నే అడిగారు. తర్వాత ఇంకొక డాక్టరు గారు వాడి వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచారు. వాడు తిరగలేదు. చెవిలో నీరు చేరి సగం వినపడట్లేదని తేలింది. మొదటి డాక్టరు చెడ్డవాడని నేననను, బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. కానీ ఆ ఫైలు మీది మాట ఏడాది పాటు వాడి వెంట తిరిగింది. పరీక్షలో తప్పు పోయిన లెక్కని కూడా ‘వాడికి ఆ ప్రాబ్లం ఉంది కదా’ అనేవాళ్లు.

ఇదే తప్పు ఒక దేశమంతా చేస్తే ఎలా ఉంటుందో అమెరికా చూసింది. 1990లలో బోస్టన్‌కి చెందిన జోసెఫ్ బీడర్‌మన్ అనే పేరున్న పిల్లల సైకియాట్రిస్టూ, ఆయన బృందమూ ఒక వాదన తెచ్చారు. పెద్దవాళ్లలో బైపోలార్ అనే జబ్బులో ఉన్మాదం దశలు దశలుగా వచ్చిపోతుంది. పిల్లల్లో అలా కాకుండా ఎప్పుడూ విపరీతమైన చిరాకు రూపంలో కనిపించవచ్చు అన్నది వాళ్ల మాట. వాదన పాకింది. 1994-95లో బైపోలార్ అని రాసిన పిల్లల ఓపీ విజిట్లు లక్ష జనాభాకి 25 ఉంటే, 2002-03 నాటికి 1,003 అయ్యాయి. ఎనిమిదేళ్లలో నలభై రెట్లు. జబ్బు అంత పెరగదు కదా, పెరిగింది పేరు. ఆ పేరుతో పాటు బరువు పెంచే, షుగరు తెచ్చే మందులూ చిన్నపిల్లల ఒంట్లోకి వెళ్లాయి.

దాన్ని సరిచేసింది కేకలు కాదు, ఓపికగా చేసిన పరిశోధన. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఎలెన్ లీబెన్‌లుఫ్ట్ అనే సైకియాట్రిస్టు, దశలుగా ఉన్మాదం వచ్చే పిల్లల్నీ, ఎప్పుడూ చిరాకుగా ఉండే పిల్లల్నీ వేరువేరు గుంపులుగా పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. ఆమె బృందం చేసినవీ, ఇతరులు చేసినవీ కలిపి చూస్తే, చిరాకు పిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా డిప్రెషన్, యాంగ్జైటీ వైపు వెళ్లారు తప్ప బైపోలార్ వైపు కాదు. ఆ పని ఆధారంగానే 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో, అంటే అమెరికా సైకియాట్రిస్టులు వాడే మానసిక జబ్బుల పట్టికలో, అలాంటి పిల్లలకి వేరే పేరు పెట్టారు. మీ అమ్మాయి చేస్తానంటున్న పరిశోధన ఇదే, మాస్టారూ. కథలో రెండో సగం కూడా ఉంది. 2008లో సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ విచారణలో, 2000 నుంచి 2007 మధ్య బీడర్‌మన్‌కి మందుల కంపెనీల నుంచి కనీసం 16 లక్షల డాలర్లు అందాయనీ, అందులో చాలాభాగం యూనివర్సిటీకి చెప్పలేదనీ బయటపడింది. ఆయన పనంతా తప్పని కాదు, ఏడీహెచ్‌డీ మీద ఆయన చేసింది ఇప్పటికీ నిలబడే ఉంది. డబ్బు తీసుకున్నందుకే అలా వాదించారని రుజువు చేయడమూ కష్టం. అందుకే ముందే చెప్పాలన్న నియమం ఉంది, నమ్మాలో వద్దో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఈ రంగం పుట్టుకలోనే ఈ పేచీ కనిపిస్తుంది. ఆటిజాన్ని దాదాపు ఒకే కాలంలో వర్ణించినవాళ్లు ఇద్దరు: 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్. ఆస్పెర్గర్ పేరుని చాలాకాలం గౌరవంగా తలుచుకున్నారు, ఒక నిర్ధారణకే ఆయన పేరు పెట్టారు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత కేసు షీట్లు బయటికి తీసి చూపించింది వేరు. ఆస్పెర్గర్ కొందరు పిల్లల్ని వియన్నాలోనే ఉన్న ‘ఆమ్ స్పీగెల్‌గ్రుండ్’ అనే పిల్లల క్లినిక్‌కి పంపమని రాశాడు. నాజీల కాలంలో అక్కడ దాదాపు 800 మంది పిల్లలు చనిపోయారు, చాలామందిని చంపారు. ఒక పిల్ల కేసు షీటులో ‘ఇంట్లో తల్లికి మోయలేని భారం’ అని ఉంటుంది. అది చూడటానికి మామూలు డాక్టరు రాతలాగే ఉంటుంది. అదే భయం. కానర్ మాత్రం 1942లో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని చంపడమే దయ అని ఒక న్యూరాలజిస్టు వాదిస్తే, అమెరికా సైకియాట్రీ పత్రికలోనే ఎదురు రాశాడు. నన్నడిగితే ఈ రంగంలోకి వచ్చే ప్రతి పీజీకీ మొదటి వారంలో ఈ రెండు కేసులూ చెప్పాలి.

మన దేశంలో మీ అమ్మాయి ముందుకొచ్చే చిక్కులు వేరేగా ఉంటాయి. పదహారేళ్ల అమ్మాయి చెయ్యి కోసుకుని వస్తుంది. తల్లిని బయట కూర్చోబెట్టాక, దగ్గరి బంధువు చేసిన పని చెబుతుంది. ‘మా అమ్మకి చెప్పనని ఒట్టేయండి మేడమ్’ అంటుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకి తెలపాల్సిందే, తెలపకపోతే శిక్ష. ఒట్టేస్తే చట్టం ఊరుకోదు. వేయనంటే పిల్ల నోరు మూసుకుంటుంది. అందుకే చేయి తిరిగిన డాక్టర్లు పిల్ల నోరు విప్పకముందే ‘నువ్వు చెప్పేవాటిలో కొన్ని నా దగ్గరే ఉంచుకోలేను’ అని చెప్పేస్తారు. ఆ వాక్యం ఎప్పుడు, ఏ గొంతుతో చెప్పాలన్నది పుస్తకంలో దొరకదు, సీనియర్ పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ మైనర్లకి వేరే నియమాలున్నాయి: అడ్మిట్ చేస్తే 72 గంటల్లో రివ్యూ బోర్డుకి తెలపాలి, ఈసీటీ, అంటే కరెంటుతో చేసే చికిత్స, ఇవ్వాలంటే గార్డియన్ అంగీకారంతో పాటు బోర్డు ముందస్తు అనుమతీ ఉండాలి. పరిశోధనకైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సంతకం ఒక్కటీ చాలదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని నోటితో అడిగి ఒప్పించుకోవాలి, ఆపై వయసు వాళ్ల చేత రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక దారి సంగతి. ఎండీ సైకియాట్రీ మూడేళ్లు. ఆ తర్వాత డీఎమ్ చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీ మరో మూడేళ్లు. బెంగళూరు నిమ్హాన్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల ఉంది, సీట్లు చాలా తక్కువ. అంత కాలం వద్దనుకుంటే ఏడాది ఫెలోషిప్‌లున్నాయి. విదేశాల ఆలోచన ఉంటే, ఇంగ్లండ్‌లో కోర్ ట్రైనింగ్ మూడేళ్లు, పిల్లల సైకియాట్రీకి ఇంకో మూడేళ్లు. అమెరికాలో రెసిడెన్సీ, ఫెలోషిప్ కలిపి ఐదారేళ్లు. నా మాటైతే ఎండీ ఇక్కడే చేయమంటాను. ఈ పనిలో స్టెతస్కోపు కన్నా భాష ఎక్కువ పని చేస్తుంది, మీ అమ్మాయికి ఆ భాష ఇక్కడిదే కదా.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. కేంద్ర సంస్థల్లో సీనియర్ రెసిడెంట్‌కి ఏడో వేతన సంఘం ప్రకారం నెల మూల వేతనం 67,700, అలవెన్సులు వేరు. ప్రైవేటు ప్రాక్టీసులో రేడియాలజీతో పోటీ పడలేరు. ఒక కొత్త పిల్లని సరిగ్గా చూడాలంటే గంట పడుతుంది, ఆ గంటలో స్కాన్ సెంటరులో ఎన్ని స్కాన్లు అయిపోతాయో మీకు తెలిసిందే. కానీ పేషంట్లు రాక ఖాళీగా కూర్చోవడం అనే టెన్షన్ మాత్రం ఉండదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వాళ్లని చూసే డాక్టర్లు జిల్లాకి ఒకరున్నా గొప్పే. పరిశోధన మీదే బతకాలంటే మాత్రం టీచింగ్ ఆసుపత్రిలో ఉద్యోగం కావాలి, క్లినిక్ పెట్టుకుని పేపర్లు రాయడం చాలామందికి కుదరదు.

పరిశోధనకి అంశం వెతుక్కోవడానికి తను దూరం వెళ్లక్కర్లేదు. ఆటిజం గుర్తించడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన ఐఎస్ఏఏ అనే కొలమానం ఉంది, 40 అంశాలు. అందులో కళ్లలోకి చూడకపోవడం ఒకటి. పెద్దవాళ్ల మొహంలోకి సూటిగా చూస్తే ‘ఏంట్రా ఆ చూపు’ అనే ఇళ్లు మనవి. పల్లె నుంచి మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన పిల్లాడు తల దించుకుంటే అది ఆటిజమా, బెదురా? మన పిల్లలు దిగులుగా ఉందనరు, కడుపు నొప్పి అంటారు, అదీ సోమవారం పొద్దున్నే. ఎండీ థీసిస్‌కి ఈ ఒక్క ప్రశ్న చాలు. పేరు పెట్టకుండా వదిలేయడం మాత్రం మంచితనం కాదని తనకి చెప్పండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్నాయి. కాగితం మీద ఆ పేరు లేకపోతే పరీక్షలో అదనపు సమయం రాదు, పింఛనూ రాదు.

ఇన్ని చెప్పాక ఒక అనుమానం. హౌస్ సర్జన్సీలో సైకియాట్రీకి దక్కేది రెండు వారాలే. అందులో పిల్లల్ని ఎంతమందిని చూసి ఉంటుంది? చరిత్రలు చదివి ఈ రంగాన్ని ప్రేమించడం వేరు, గుక్కపట్టి ఏడుస్తూ గోడకి తల కొట్టుకునే నాలుగేళ్ల పిల్లాడితో గది పంచుకోవడం వేరు. ఆప్షన్లు పెట్టేలోపు ఏదైనా పిల్లల మానసిక విభాగంలో అనుమతి తీసుకుని రెండు వారాలు ఓపీలో కూర్చోమనండి. సెగ్విన్ ఫామ్ బోర్డు అని ఒక చెక్క పలక ఉంటుంది. పది ఆకారాల ముక్కల్ని సరైన గుంటల్లో పెట్టాలి, మూడుసార్లు చేయించి తక్కువ పట్టిన సమయం రాసుకుంటారు. గడియారం సైకాలజిస్టు చూసుకుంటారు. మీ అమ్మాయి పిల్లాడిని చూడాలి: నక్షత్రం ముక్క పట్టకపోతే గట్టిగా నొక్కుతున్నాడా, తిప్పి చూస్తున్నాడా, తల్లి మొహం వైపు చూస్తున్నాడా. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు జబ్బుల పేర్లు చెబుతోందా, పిల్లల గురించి చెబుతోందా వినండి. రెండోదైతే రేడియాలజీ మాట ఇక ఎత్తకండి.

ఇంకొకటి. 1960లలో ఇంగ్లండ్‌లో మైఖేల్ రట్టర్ అనే పిల్లల సైకియాట్రిస్టు ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలోని పది, పదకొండేళ్ల పిల్లలందరి మీదా పెద్ద సర్వే చేశాడు. అప్పటిదాకా పిల్లల సంగతి తల్లిదండ్రుల్నీ టీచర్లనీ అడిగి తెలుసుకోవడమే వాడుక. రట్టర్, తోటి డాక్టర్లూ పిల్లల్నే ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు. అలా అడిగినా నమ్మదగ్గ జవాబులు వస్తాయని చూపించారు. మీ ఉత్తరం బాగుంది మాస్టారూ, కానీ అందులో తన మాటలన్నీ మీ నోటితోనే ఉన్నాయి. ఈసారి తననే రాయమనండి.