రాత్రి వేళ్ల తిమ్మిరి... రైలు నమూనాల హాబీ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఇంట్లో 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు మీద హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) రైలు లేఅవుట్ కడుతున్నాను. అరలు బిగించడం లాంటి వడ్రంగి పనులూ నావే. ఇంటి పనులతో కలిపి అన్నీ ఆదివారమే పెట్టుకుంటాను. మూడు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. మెడ పట్టేస్తోంది. సోల్డరింగ్ (సీసం కలిసిన తీగ కరిగించి వైర్లు అతకడం) చేసిన రోజు గొంతు మంట, తలనొప్పి. హాబీ మానేయమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మానేయక్కర్లేదు. కానీ ఆదివారం పనుల వరుస మారాలి, పరీక్షలు కూడా చేయించుకోవాలి.

మీ లక్షణాలను బట్టి ఇది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అయ్యే అవకాశం ఎక్కువ. మణికట్టులో ఇరుకైన ఒక దారిలోంచి మీడియన్ నరమూ, వేళ్లను ముడిచే తాళ్లలాంటి తొమ్మిది టెండన్లూ వెళ్తాయి. ట్వీజర్లు, కట్టర్, స్క్రూడ్రైవర్ గట్టిగా పట్టుకుని గంటల తరబడి పనిచేస్తే ఆ దారిలో ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. నిద్రలో మణికట్టు వంగిపోతుంది కాబట్టి తిమ్మిరి రాత్రి ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మరీ తరచుగా కనిపిస్తుంది. షుగర్ వల్లే నరాలు దెబ్బతింటే సాధారణంగా రెండు పాదాల్లో మొదలవుతుంది, ఒక్క చేతి మూడు వేళ్లలో కాదు. మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా చేతిలోకి జిల్లుమని దిగుతుంటే మాత్రం మెడ దగ్గర నరం సంగతి చూడాలి.

మందుల షాపులో విటమిన్ బి మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగకండి. నలుగుతున్న నరానికి వాటితో ఒత్తిడి తగ్గదు. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలకే చేటు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు కాబట్టి దాని స్థాయి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చూపించుకోండి. ఫలితాలను బట్టి మందుల సంగతి మీ డాక్టరు చెబుతారు.

చికిత్సలో మొదటి మెట్టు రిస్ట్ స్ప్లింట్, అంటే మణికట్టు కదలకుండా కట్టే పట్టీ. మణికట్టును నిటారుగా ఉంచేది తీసుకుని, ఆరు వారాల పాటు ప్రతి రాత్రీ కట్టుకోండి. కొన్ని స్ప్లింట్లలోని లోహపు పట్టీ మణికట్టును వెనక్కి వంచేలా ఉంటుంది. దాన్ని తీసి చదునుగా వంచి మళ్లీ పెట్టాలి, లేకపోతే కట్టినా గుణం కనిపించదు. వేళ్లు పూర్తిగా ముడవగలిగేంత వదులు ఉండాలి.

ఇక అసలు విషయం. ఏది సరదా, ఏది ఇంటి పని అన్న తేడా చేతికి లేదు. పొద్దున కొబ్బరి తురిమి, నేల తుడిచే తడి మాపును పిండి, మధ్యాహ్నం ప్లైవుడ్‌కు స్క్రూలు బిగించి, సాయంత్రం పట్టాలు కత్తిరిస్తే ఆ బరువంతా ఒకే పట్టు మీద పడుతుంది. చాలామంది పనులను గదుల వారీగా పంచుకుంటారు. మీరు పట్టును బట్టి పంచుకోండి. పిడికిలి బిగించే పని ఒకటి అయ్యాక కూరగాయలకు నడిచి వెళ్లండి, లేదా బట్టలు మడతపెట్టండి. ఆ తర్వాతే ట్వీజర్లు పట్టుకోండి. ఫ్యాన్లు తుడవడం, అటక సర్దడం లాంటి మెడ ఎత్తి చేసే పనులున్న రోజు లేఅవుట్ కింద వైరింగ్ పెట్టుకోవద్దు. ఈ ఆరు వారాలు చిన్న విడిభాగాల పని ఒక్కోసారి 25 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం, రోజుకు రెండు విడతలు చాలు. ఆదివారం మిగిలిన పనిని బుధవారం, శుక్రవారం సాయంత్రాలకు జరపండి.

పనిముట్లలో చిన్న మార్పులే చేతికి చాలా మేలు చేస్తాయి. 4 మి.మీ. స్క్రూకు ముందే 2.5 మి.మీ. బిట్‌తో రంధ్రం వేసుకోండి. తిప్పడానికి చాలా తక్కువ బలం సరిపోతుంది. సన్నని స్క్రూడ్రైవర్ పిడికి సైకిల్ గ్రిప్ తొడిగి 3 సెం.మీ. లావు చేయండి. నొక్కితే తెరుచుకుని, వదిలితే పట్టుకునే రివర్స్ ట్వీజర్లు వాడితే వేళ్లు బిగించి ఉంచాల్సిన పని ఉండదు. పట్టాలను కట్టర్‌తో నొక్కి తెంపే బదులు, వైస్‌లో బిగించి సన్నని రంపంతో కోయండి. వేలి కొసల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా, తెగినా వెంటనే తెలియదు. వేడెక్కిన పట్టాను చేత్తో పట్టుకోకుండా క్లిప్పుతో పట్టుకోండి.

మెడనొప్పికి ఎక్కువగా కారణం బల్ల ఎత్తు. సన్నని పని మోచేతికి 5–10 సెం.మీ. పైన ఉండాలి, రంపం, డ్రిల్ పని మోచేతికి కనీసం 15 సెం.మీ. కింద. రెండింటికీ ఒకే బల్ల పనికిరాదు. కూర్చుని చేసే పనికి బల్ల మీద ఒక పెట్టె పెట్టి ఎత్తు పెంచుకోండి. షీటు గోడకు ఆనించి ఉంటే అవతలి అంచు నాలుగు అడుగుల దూరం. నడుము విరిచి వంగితే తప్ప అందదు. చక్రాలు బిగించి, గోడకూ షీటుకూ మధ్య రెండు అడుగుల దారి వదిలేలా జరపండి. బల్ల కింద పడుకుని సోల్డరింగ్ చేయడం మెడకూ మంచిది కాదు, కరిగిన సీసం ముఖం మీద పడే ప్రమాదమూ ఉంది. పట్టాలకు కరెంటు అందించే ఫీడర్ వైర్లను, పట్టాలు పరచకముందే బల్ల మీద అతికి, రంధ్రాల్లోంచి దించి, ముందు అంచున టెర్మినల్ బ్లాకుల్లో స్క్రూలతో బిగించండి. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో చూపించే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలతో ఈ పని చేసేవారు తల పదేపదే ఎత్తి దించుతుంటారు. కంటికీ పనికీ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, ఆ దూరానికి సరిపడే విడి కళ్లద్దాలు చేయించుకోండి.

గొంతు మంటకు సాధారణంగా కారణం సీసం కాదు, అతుకు బాగా పట్టేందుకు వాడే ఫ్లక్స్‌లోని రోజిన్ (చెట్టు జిగురు) పొగ. సోల్డరింగ్ చేసే 350 డిగ్రీల వేడి దగ్గర సీసం చెప్పుకోదగ్గంతగా ఆవిరి కాదు. అది చేతులకు అంటుకుని అన్నంతో లోపలికి పోతుంది. పని కాగానే సబ్బుతో కడుక్కోండి, బల్ల దగ్గర టీ తాగొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. రోజిన్ పొగ ఆస్తమా తెప్పించగలదు. మీరు వంగి చూస్తుంటే పొగ నేరుగా ముఖంలోకే వస్తుంది. సీలింగ్ ఫ్యాన్ దాన్ని గదంతా తిప్పుతుందే తప్ప బయటికి పంపదు. అతుకుకు 10–15 సెం.మీ. అవతల, పొగను మీ వైపు నుంచి కిటికీ వైపు లాగేలా చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెట్టండి. ఎన్‌95 మాస్కు వాయువులను ఆపదు, కానీ ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసేటప్పుడు ధూళికి అది తప్పనిసరి. ఆ పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఆయాసం, పిల్లికూతలు వస్తే పల్మనాలజిస్టును కలవండి.

ఆరు వారాల్లో తిమ్మిరి తగ్గకపోతే నరం సంకేతాలను ఎంత బాగా పంపుతోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష అవసరం. మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే మీకు షుగర్ ఉందని ముందే చెప్పండి, ఆ తర్వాత కొన్ని రోజులు రీడింగులు పెరగవచ్చు. తిమ్మిరి పగలూ రాత్రీ వదలకపోయినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి కింద కండ పల్చబడినా ఆరు వారాలు ఆగకుండా వెంటనే హ్యాండ్ సర్జన్‌కు గానీ ఆర్థోపెడిక్ డాక్టరుకు గానీ చూపించుకోండి.