వీడియో చూస్తే వస్తోంది, మూసేస్తే పోతోంది!

ప్రశ్న: బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మూడు నెలలుగా యూట్యూబ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు చూస్తున్నాను. చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, తీరా ల్యాప్‌టాప్ తెరిస్తే మొదటి లైన్ కూడా తోచదు. రోజుకు ఎన్ని గంటలు చదవాలి?
– ఓ పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: గంటల సంగతి తర్వాత. మూడు నెలల్లో చూసింది ఎంత, మీ చేత్తో టైప్ చేసింది ఎంత? అసలు చిక్కు అక్కడుంది.

ఇవాళే ఒక పని చేయండి. ఏడో ఎక్కం ప్రింట్ చేసే ప్రోగ్రాం వీడియోలో ఒక్కసారి చూసి, దాన్ని మూసేసి, ఖాళీ ఫైల్‌లో సొంతంగా రాయండి. తప్పులొస్తాయి, రానివ్వండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కపెట్టాలో చెప్పే రేంజ్‌లో 1, 10 అని ఇస్తే ఎక్కం 63 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రేంజ్ చివరి అంకెను కలుపుకోదు, 11 ఇవ్వాలి. తర్వాత ఏ ఎక్కం కావాలో ఇన్‌పుట్‌తో అడిగేలా మార్చండి. 7 కొట్టగానే 7, 14, 21 రావాల్సింది పోయి 7, 77, 777 అని దిగుతుంది! ఇన్‌పుట్‌తో వచ్చింది పైథాన్ దృష్టిలో అంకె కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. దాన్ని 3తో గుణిస్తే మూడుసార్లు పక్కపక్కన అంటించేస్తుంది. ఇంట్‌తో సంఖ్యగా మార్చుకుంటే సరి. వీడియోలో మాస్టారు ఈ మాట చెప్పే ఉంటారు, మీరూ తలూపే ఉంటారు, కానీ 777 చూసి జుట్టు పీక్కున్నాకే అది బుర్రలో ఉంటుంది.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠాలిచ్చి చూశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. అది ప్రోగ్రామింగ్ పాఠం కాదనుకోండి, అయినా మీ కథ కూడా అదే.

ఎర్రర్ ఇంగ్లీషులో వస్తే టెన్షన్ పడకండి. పైథాన్‌లో ముందు చదవాల్సింది చివరి లైన్: ఏం తప్పో అక్కడ ఉంటుంది, దాని పైన ఏ లైన్‌లో జరిగిందో ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఎర్రర్లు ఓ పదో పదిహేనో, వాటి అర్థం నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి. చాట్‌జీపీటీని అడగొద్దనను గానీ, ముందు ఓ పావుగంట మీరే కుస్తీ పట్టండి.

ఇక గంటలంటారా, ఆదివారం ఆరు గంటలు కూర్చునే కన్నా రోజూ ఓ గంట నయం, అందులోనూ వీడియో పావుగంట దాటొద్దు. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) బోధపడకపోతే కాగితం మీద గడులు గీసి ప్రతి చుట్టుకీ ఏ వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) విలువ ఎంతో రాయండి. ఎక్కాలు అయ్యాక ఇంట్లో కరెంటు బిల్లు తీసి, యూనిట్లిస్తే స్లాబుల ప్రకారం ఎనర్జీ చార్జీలు చెప్పే ప్రోగ్రాం ఇఫ్, ఎలిఫ్‌తో (ఇలా అయితే ఇది, లేదా అలా అయితే అది అని చెప్పే మాటలు) రాయండి. బిల్లులో ఉన్న అంకెతో పైసా తేడా లేకుండా కలిసిందో లేదో నాకు ఉత్తరం రాయండి.