ప్రతి దిశలోనూ గీత ఉన్నా వైశాల్యం సున్నా ఎలా అవుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: “సమతలంలో ఒక సమితి. ఏ దిశ చెప్పినా ఆ దిశలో 1 యూనిట్ పొడవున్న గీత అందులో దొరుకుతుంది. అయినా దాని వైశాల్యం సున్నా కావచ్చంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు. ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా?”

నమ్మబుద్ధి కాకపోవడంలో తప్పేం లేదు. నేనైతే ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఇది అసాధ్యమని బోర్డు మీద “నిరూపించేశాను” కూడా. సెమినార్ మధ్యలో మా సారు ఈ ప్రశ్న వేశారు. నేను చాక్‌పీసుతో ఒక చుక్క పెట్టి, దాని గుండా సైకిల్ చక్రం ఊచల్లా గీతలు గీశాను. “అన్ని దిశల్లో గీస్తే వృత్తం మొత్తం నిండిపోతుంది సార్. వ్యాసం 1, కాబట్టి వైశాల్యం 0.785” అన్నాను, చాలా ధీమాగా. సారు కాసేపు బోర్డు వైపు చూసి, “అన్నీ ఆ చుక్క గుండానే పోవాలని నీకెవరు చెప్పారు?” అన్నారు. అంతే. మిగతా సెమినార్ ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు.

మీ అనుమానం కూడా బహుశా ఆ చుక్క దగ్గరే ఆగి ఉంటుంది. గీతల దిశ మార్చకూడదు గానీ, చోటు మార్చుకోవచ్చు. పక్కపక్క దిశల్లో ఉన్న గీతల్ని ఒకదాని మీదకి ఒకటి జరుపుకుంటూ పోతే చాలా చోటు ఆదా అవుతుంది.

ఇలాంటి ప్రశ్న మొదట వేసింది జపాన్ గణితజ్ఞుడు సోయిచి కకేయా, 1917లో. ఆయన అడిగింది సూది గురించి: 1 యూనిట్ పొడవున్న సూదిని పూర్తిగా తిప్పడానికి ఎంత తక్కువ వైశాల్యం సరిపోతుంది? వృత్తంలో అయితే 0.785. ఎత్తు 1 ఉన్న సమబాహు త్రిభుజంలో 0.577, కుంభాకార ఆకారాల్లో (ఎక్కడా లోపలికి వంగనివాటిలో) ఇంతకన్నా తగ్గదని 1921లో పాల్ అనే గణితజ్ఞుడు నిరూపించాడు. మూడు మొనలతో లోపలికి వంగిన డెల్టాయిడ్‌లో అయితే 0.393. దీనికన్నా తగ్గదేమోనని చాలామంది అనుకున్నారు. అదే సమయంలో రష్యాలోని పెర్మ్‌లో బెసికోవిచ్ అనే ఆయన రీమాన్ సమాకలనానికి సంబంధించిన ఇంకేదో ప్రశ్న మీద పనిచేస్తూ, 1919లో ప్రతి దిశలోనూ గీత ఉండి వైశాల్యం సున్నా అయ్యే సమితిని కట్టేశాడు. అంతర్యుద్ధం వల్ల బయటి ప్రపంచంతో ఉత్తరప్రత్యుత్తరాలు లేవు. కకేయా ప్రశ్న ఒకటుందని ఆయనకి అప్పటికి తెలియదు. 1928లో రెండూ కలిపి పేపర్ రాశాడు. నాకు ఈ కథలో నచ్చేది అదే: ప్రశ్న ఒకచోట, జవాబు ఇంకోచోట పుట్టాయి.

ఇప్పుడు అసలు పని. ఇది చదివితే రాదు, కాగితం కత్తిరించాల్సిందే. నేను డిగ్రీ పిల్లలకి లెక్కలు చెబుతాను, ప్రతి బ్యాచ్‌తోనూ ఇది చేయిస్తాను.

ట్రేసింగ్ పేపర్ మీద భూమి 12 సెం.మీ., ఎత్తు 12 సెం.మీ. ఉన్న సమద్విబాహు త్రిభుజం గీయండి. వైశాల్యం 72. పై శీర్షం నుంచి భూమి దాకా ఎన్ని గీతలు గీయొచ్చో అన్ని దిశలు అందులో ఉన్నట్టు, అంటే దాదాపు 53 డిగ్రీల మేర. దేని పొడవూ 12కి తగ్గదు. ఇప్పుడు నిట్టనిలువునా మధ్యకి కత్తిరించండి. కుడి ముక్కని భూమి వెంబడే ఎడమకి 4 సెం.మీ. జరిపి ఎడమ ముక్క మీద పెట్టండి. వెలుతురుకి పెట్టి చూస్తే రెండూ కలిసినచోటు ముదురుగా కనిపిస్తుంది. లెక్క కడితే అది 24. అంటే మొత్తం ఆకారం 72 నుంచి 48కి దిగింది. ఒక్క దిశ కూడా పోలేదు, ఎందుకంటే ముక్కని జరిపాం గానీ తిప్పలేదు.

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఒకమ్మాయి గమ్ పెట్టి అతికించేటప్పుడు కుడి ముక్క కాస్త పక్కకి తిరిగింది, ఓ రెండు డిగ్రీలు. “ఏమవుతుంది సార్, వైశాల్యం అంతే కదా” అంది. నిజమే, వైశాల్యంలో పెద్ద తేడా రాదు. కానీ నిటారు దిశ పక్కనే రెండు డిగ్రీల మేర ఒక్క గీత కూడా లేకుండా పోయింది. ఆ రోజు ఆ పొరపాటు జరగకపోతే “జరపాలి, తిప్పకూడదు” అన్నమాట క్లాసులో సగం మందికి ఎక్కేది కాదు.

రెండు ముక్కల బదులు 4, 8, 16 ముక్కలు చేసి, ముందు జతల్ని జరిపి, తర్వాత ఆ జతల జతల్ని జరుపుకుంటూ పోతే పైన కొమ్మలు విచ్చుకున్న చెట్టులాంటి ఆకారం వస్తుంది. దీన్ని పెరాన్ చెట్టు అంటారు. 16 దాటితే చేత్తో కష్టం, జిగురు తప్ప ఏమీ మిగలదు. కాగితం మీద లెక్క మాత్రం సాగుతుంది: ముక్కలు చాలినన్ని చేస్తే వైశాల్యాన్ని మీరు కోరినంత తగ్గించొచ్చు. కాకపోతే చాలా నెమ్మదిగా తగ్గుతుంది, ముక్కలు రెట్టింపు చేస్తే వైశాల్యం సగమవుతుందనుకోకండి. ఇలాంటి చెట్లు నాలుగు తీసుకుని తగినట్టు తిప్పి పెడితే 180 డిగ్రీలూ వచ్చేస్తాయి. ఈ పనిని ఒకదాని లోపల ఒకటిగా చేస్తూ అవధికి పోతే సరిగ్గా సున్నా వైశాల్యమున్న సమితి వస్తుంది. గీత ముక్కలే కాదు, అంతులేని పూర్తి రేఖలతో కూడా ఇలాంటి సమితి కట్టొచ్చు.

ఒక్క జాగ్రత్త. సూదిని నిజంగా ఆపకుండా తిప్పాలంటే సున్నా వైశాల్యం చాలదు. ఎంత చిన్నదైనా కొంత కావాలి. చాలా చోట్ల ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తారు.

సరే, వైశాల్యం సున్నా అంటే అది అంత అల్పమైనదా? కాదు. ఒక మామూలు గీతకి మందం ఇచ్చి, ఆ మందాన్ని వెయ్యో వంతు నుంచి పది లక్షలో వంతుకి తగ్గిస్తే, దాని వైశాల్యం కూడా వెయ్యి రెట్లు తగ్గుతుంది. ప్రతి దిశలోనూ గీత ఉన్న సమితికి (దాన్నే కకేయా సమితి అంటారు) మందం ఇచ్చి అదే పని చేస్తే, వైశాల్యం ఇంతకన్నా తగ్గకూడదనే హద్దు సగానికి మాత్రమే దిగుతుంది. లాగరిథమ్ లెక్క అది. అందుకే వైశాల్యం సున్నా అయినా దాని డైమెన్షన్ (గీతకి 1, నిండిన ఆకారానికి 2 వచ్చే కొలత) 2 అంటారు. దీన్ని 1971లో డేవీస్ అనే గణితజ్ఞుడు నిరూపించాడు. అదే ఏడాది ఫెఫర్‌మన్ అనే ఇంకో గణితజ్ఞుడు ఈ సమితుల్ని వాడి ఫూరియే విశ్లేషణలో (ప్రమేయాల్ని తరంగాలుగా విడగొట్టి చూసే గణితంలో) అందరూ నిజమనుకున్న ఒక విషయాన్ని తప్పని తేల్చాడు. సూది ఆటని జనం సీరియస్‌గా తీసుకున్నది అప్పటినుంచే.

దిశలన్నీ ఉండాలంటే సమితి ఎందుకు పెద్దదిగా ఉండక తప్పదో చూడాలంటే 9 చుక్కలు చాలు. ముగ్గుకి పెట్టినట్టు 3×3 చుక్కలు పెట్టండి. కుడి అంచు దాటితే ఎడమ అంచులో, పై అంచు దాటితే కింది అంచులో తేలినట్టు లెక్క. అప్పుడు దిశలు నాలుగే: అడ్డం, నిలువు, రెండు ఐమూలలు. ఒక్కో దిశలో మూడు సమాంతర రేఖలు, ఒక్కో రేఖ మీద మూడు చుక్కలు. ప్రతి దిశలోనూ కనీసం ఒక పూర్తి రేఖ మిగలాలంటే ఎన్ని చుక్కలు చెరపొచ్చు?

రెండు చెరిపితే, ఏవైనా సరే, ఒక్కో దిశలో రెండు రేఖలే పాడవుతాయి, మూడోది మిగులుతుంది. మూడు చెరిపితే? ఆ మూడూ ఒకే రేఖ మీద ఉంటే ఇంకో దిశలో చూడండి: మూడూ మూడు వేర్వేరు రేఖల్ని పాడు చేస్తాయి. ఒకే రేఖ మీద లేకపోతే, వాటి మూడు జతలూ మూడు దిశల్ని వాడుకుంటాయి, మిగిలిన నాలుగో దిశలో మూడు రేఖలూ పోతాయి. కాబట్టి 7 చుక్కలు ఉండాల్సిందే.

ఈ చుక్కల ప్రశ్నని ఎన్ని డైమెన్షన్లకైనా 1999లో వోల్ఫ్ అనే గణితజ్ఞుడు అడిగాడు. పెద్ద పెద్దవాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. 2008లో జీవ్ ద్వీర్ దాన్ని రెండు పేజీల్లో పట్టేటంత చిన్న వాదనతో తేల్చేశాడు. సమితి మరీ చిన్నదైతే, దాని మీద అంతటా సున్నా అయ్యే తక్కువ ఘాతపు బహుపది ఒకటి దొరుకుతుంది. సమితిలో ప్రతి దిశలోనూ రేఖ ఉంది కాబట్టి, ఆ బహుపదిలో అత్యధిక ఘాతమున్న భాగం ప్రతి దిశలోనూ సున్నా కావాలి. ఘాతం తక్కువ కాబట్టి అప్పుడు ఆ భాగమే సున్నా అయిపోవాలి, అది కుదరదు. అంటే సమితి అంత చిన్నదిగా ఉండలేదు. మొదటిసారి చదివినప్పుడు నేను పేజీ తిప్పి చూశాను, ఇంకా ఏమైనా మిగిలిందేమోనని.

చుక్కలు కాకుండా మామూలు త్రిమితీయ అంతరాళంలో మాత్రం ఆ చిట్కా అలాగే పనిచేయలేదు. 1995లో వోల్ఫ్ డైమెన్షన్ కనీసం 2.5 అని చూపించాడు. అక్కడి నుంచి దశాబ్దాల పాటు వెంట్రుకవాసి ముందుకు జరిగారంతే. 2025 ఫిబ్రవరిలో హాంగ్ వాంగ్, జాషువా జాల్ 127 పేజీల పేపర్‌లో అది 3 అని నిరూపించారు. నాలుగు డైమెన్షన్లు, ఆపైన ఇంకా తేలలేదు.

మీకు ఓపికుంటే 3×3 అయ్యాక 5×5 చుక్కలతో ప్రయత్నించండి. దిశలు ఆరు: అడ్డం, నిలువు, పక్కకి ఒక్కో అడుగుకి 1, 2, 3, 4 చుక్కలు పైకెక్కే నాలుగు ఏటవాలులు. 25లో 8 చెరపొచ్చు, 9 కుదరదు. మా క్లాసులో ఇంతవరకూ 7 దాకా వచ్చారు, ఎనిమిదో చుక్క దగ్గర ఎప్పుడూ ఏదో ఒక ఐమూల తెగిపోతోంది.