వాసన వచ్చిందని సంబరపడకు అమ్మడూ

అమ్మడూ,

నీ మెయిల్ చూశాను. ల్యాబ్‌లో నీకు బైలోఫిలా వాడ్స్‌వర్తియా అనే పేగు బ్యాక్టీరియాను అప్పగించారని, అది గంధకం ఉన్న టారిన్ నుంచి కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ఎలా చేస్తుందో తేల్చమన్నారని రాశావు. మంచి పనే, కాకపోతే మొండి పని. రెండు నెలల్లో అయిపోతుందని మీ సీనియర్ అన్నాడట, ఆ మాట పట్టుకుని టెన్షన్ పడకు.

ముందు దారంతా బుర్రలోకి ఎక్కించుకో. కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరసం పంపుతుంది, అందులోని లవణాల్లో కొన్నింటికి టారిన్ అంటుకుని ఉంటుంది. పేగులో వేరే బ్యాక్టీరియాలు ఆ టారిన్‌ను తెంపి వదిలేస్తే మన బైలోఫిలా అందుకుంటుంది. దాని అమైనో భాగాన్ని పైరువేట్ మీదకి దాటించి సల్ఫోఅసిటాల్డిహైడ్ చేస్తుంది, దాన్ని ఐసెథియోనేట్‌గా మారుస్తుంది. అసలు కోత ఆ తర్వాతే. ఐఎస్ఎల్-ఎ అనే ఎంజైమ్ కార్బన్‌కీ గంధకానికీ మధ్య బంధాన్ని విరగ్గొడితే ఒక పక్క అసిటాల్డిహైడ్, ఇంకో పక్క సల్ఫైట్ వస్తాయి. దానికి కావలసింది ఈ సల్ఫైటే. మనం ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ మీద దించుకున్నట్టు అది సల్ఫైట్ మీద దించుకుంటుంది, మిగిలేది హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ బ్యాక్టీరియా టారిన్‌తో ఇలా ఊపిరి తీస్తుందని జర్మనీలో కాన్‌స్టాంజ్ వాళ్లు 1997లోనే రాశారు. కోసే ఎంజైమ్ ఏదో తెలియడానికి మాత్రం 2019 దాకా పట్టింది, ఆ ఏడాది హార్వర్డ్ వాళ్లూ చైనాలో టియాన్‌జిన్ వాళ్లూ విడివిడిగా బయటపెట్టారు. ఆ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ముఖ్యంగా మెథడ్స్.

ఐఎస్ఎల్-ఎతో వచ్చే చిక్కంతా ఒక్క గ్లైసిన్ దగ్గర ఉంది. ప్రొటీన్ గొలుసు చివర్లో ఉండే ఆ గ్లైసిన్ మీద జతలేని ఎలక్ట్రాన్ ఒకటి కూర్చుంటేనే ఎంజైమ్ పనిచేస్తుంది, దాన్ని అక్కడ కూర్చోబెట్టడానికే ఐఎస్ఎల్-బి అని ఇంకో ఎంజైమ్ ఉంది. గాలి తగిలిందా, ఆక్సిజన్ సరిగ్గా ఆ గ్లైసిన్ దగ్గరే గొలుసును తెగ్గొడుతుంది, ఇక అది బాగుపడదు. ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్ బాగా పరిగెత్తిస్తే అసలు బ్యాండ్ కిందే ఆనుకుని, తెగిన ప్రొటీన్‌ది ఇంకో సన్న బ్యాండ్ కనిపించవచ్చు. అది కనిపిస్తే క్లోనింగ్ మీద పడి నెలలు పాడుచేసుకోకు, ముందు ఆక్సిజన్ లేకుండా పనిచేసే చాంబర్ గ్లవ్స్‌లో చిల్లి ఉందేమో చూడు. బ్యాక్టీరియాను పెంచే మీడియంలో వేసిన రెసజురిన్ అనే సూచక రంగు గులాబీకి తిరిగితే ఆక్సిజన్ ఉన్నట్టే, "కొంచెం గులాబీ పర్లేదు" అనే మాట ఈ పనిలో లేదు. ఇంకోటి, నీ బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడే చాంబర్‌లోని పల్లేడియం కేటలిస్ట్‌ను చంపుతుంది. ఆక్సిజన్‌ను తినేయాల్సింది ఆ కేటలిస్టే కదా. అందుకని మీ ల్యాబ్‌లో దాన్ని ఓవెన్‌లో పెట్టి వేడిచేసే వంతు ఎవరిదో కనుక్కో, ఎవరిదీ కాకపోతే నువ్వే తీసుకో.

ఇప్పుడు అసలు విషయం. కుళ్లిన గుడ్డు వాసన రాగానే "వచ్చేసింది" అనుకుంటారు పిల్లలు. గాలి లేని మీడియం చేసేటప్పుడు మిగిలిన ఆక్సిజన్ పోవాలని చాలామంది సిస్టీన్ కలుపుతారు, నీ ల్యాబ్ రెసిపీలో కూడా ఉండే ఉంటుంది. సిస్టీన్‌లోనూ గంధకమే! దాన్ని విరగ్గొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ చేసే ఎంజైములు పేగు బ్యాక్టీరియాల్లో బోలెడన్నింటికి ఉన్నాయి. అంటే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టే లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడింది అంటే ఏదో ఒక గంధకం విరిగిందని మాత్రమే అర్థం, టారిన్ విరిగిందని కాదు. టారిన్ లేకుండా మిగతావన్నీ ఉన్న ట్యూబ్ ఒకటి, బ్యాక్టీరియా వేయని ట్యూబ్ ఒకటి, ప్రతిసారీ పక్కన ఉండాల్సిందే. సిస్టీన్ బదులు గంధకం లేని టైటేనియం సిట్రేట్ పెట్టి కూడా చూడు. సోడియం సల్ఫైడ్ మాత్రం వద్దే వద్దు, కొలవాల్సిందాన్నే నువ్వు పోసినట్టు అవుతుంది. టారిన్ ఎంత తగ్గిందో, మధ్యలో ఐసెథియోనేట్ ఎంత కనిపించిందో కూడా కొలిస్తేనే నీ మాట నిలుస్తుంది. శుద్ధిచేసిన ఎంజైమ్‌తో అయితే వచ్చిన అసిటాల్డిహైడ్‌ను ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌కి అందించి, ఆ చర్యలో ఖర్చయ్యే ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చడం పడిపోవడం చూడొచ్చు.

ప్లేట్ల మీద కూడా ఇదే మోసం. బాక్టీరాయిడ్స్ బైల్ ఎస్కులిన్ అగర్ మీద బైలోఫిలా కాలనీకి నడిమధ్యలో నల్లచుక్క ఉంటుంది, అది సల్ఫైడ్ వల్ల. అదే ప్లేట్ మీద బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ పెరిగితే కాలనీ చుట్టూ ఉన్న అగర్ కూడా నల్లబడుతుంది, అది అగర్‌లోని ఎస్కులిన్‌ను విరగ్గొట్టడం వల్ల. నలుపు ఎక్కడుందో చూడు. మూడో రోజు ఏమీ రాలేదని ప్లేట్లు పారేయకు, ఇది నింపాదిగా పెరిగే రకం, వారం దాకా ఉంచు.

జాగ్రత్త ఒకటి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గర ముక్కునే పనిచేయకుండా చేస్తుంది, వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. సల్ఫైడ్ ఉన్న వేస్ట్‌లో యాసిడ్ పోయకు, ఒక్కసారిగా గ్యాస్ పైకి లేస్తుంది. ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత తీయకు.

ఇక ఇంట్లో వాళ్లు తిండి గురించి అడుగుతారు, తప్పదు. పాల కొవ్వు పెడితే బైలోఫిలా పెరిగి పేగు వాచిందని 2012లో వచ్చిన ఫలితం, వాపును అదుపుచేసే ఇంటర్‌ల్యూకిన్-10 లేని ఎలుకల్లో. 2014లో మనుషులకు మాంసం, గుడ్లు, చీజ్ మాత్రమే పెట్టినప్పుడు కూడా కొద్ది రోజుల్లోనే బైలోఫిలా పెరిగింది, నిజమే. కానీ ఆకుకూరల్లో సల్ఫోక్వినోవోస్ అనే గంధకపు చక్కెర ఉంటుంది, దాన్ని యూబాక్టీరియం రెక్టాలే అనే ఇంకో పేగు బ్యాక్టీరియా సగం తిని వదిలేస్తే మిగిలినదాన్ని బైలోఫిలా అందుకుని మళ్లీ హైడ్రోజన్ సల్ఫైడే చేస్తుంది. పాలకూరకీ ఆ దారి ఉందన్నమాట. పైగా కొద్దిపాటి సల్ఫైడ్‌ను పెద్దపేగు కణాలు ఇంధనంగా కాల్చుకుంటాయి. నిన్న మీ పిన్ని నెయ్యి మానేయాలా అని అడిగింది. ఎలుకల ఫలితం పట్టుకుని నీకు జవాబు చెప్పలేనన్నాను, నువ్వూ అదే చెప్పు.

ఉంటాను మరి,
బాబాయి