కారు లోపలి దీపానికి ఎల్‌ఈడీ: ముందు ఫ్యూజు, తరువాతే బల్బు

పాత కారు, లోపలి దీపాలు మసకబారాయి, ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి ఇంట్లోనే మార్చుకోవచ్చా, షాపుకే వెళ్లాలా అని అడిగారు. ఇంట్లోనే మార్చుకోవచ్చు. పావుగంట పని. నాకు మాత్రం రెండు ఆదివారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబుతాను, మీకు ఒక్కటి చాలు.

మాది పన్నెండేళ్ల చిన్న కారు. ఒక రాత్రి చిలుకూరు నుంచి వస్తూ మెహదీపట్నంలో టిఫిన్‌కు ఆగాం. దిగబోతూ అమ్మ చెవి తడుముకుంది. కమ్మ శీల లేదు. పైన దీపం వేస్తే సీటు కింద పచ్చటి చీకటి తప్ప ఏమీ కనబడలేదు. మ్యాట్లు దులిపి, సీటు పట్టాల సందుల్లో వేళ్లు దూర్చి చాలాసేపు వెతికాం. చివరికి అది అమ్మ చీర కుచ్చిళ్లలో దొరికింది, అది వేరే సంగతి. “ఈ దీపం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేరా” అని అమ్మ అన్న మాట మాత్రం గుచ్చుకుంది.

ఆ వారమే ఆన్‌లైన్‌లో బల్బులు తెప్పించి, ఆదివారం పార్కింగ్‌లో స్క్రూడ్రైవర్‌తో దీపం మూత తీశాను. తలుపు వేసి ఉంది, దీపం ఆరిపోయి ఉంది, ఇంకేం భయం అనుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది. చాలా కార్లలో దీపానికి ప్లస్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, తలుపు స్విచ్చి కలిపేదీ తెంచేదీ మైనస్‌ను. కారు ఒళ్లంతా మైనసే కదా. నా స్క్రూడ్రైవర్ మొన బల్బును పట్టి ఉంచే రేకుకు తగిలింది, దాని నడుము పైకప్పు ఇనుముకు ఆనింది. చిటుక్కుమని ఒక మెరుపు, అంతే. దీపంతో పాటు గడియారం, రిమోట్ తాళం కూడా పోయాయి. మా కారులో ఈ మూడింటికీ ఫ్యూజు ఒకటే.

అందుకే అన్నిటికంటే ముందు ఆ ఫ్యూజు పీకేయండి. స్టీరింగ్ కింద ఉండే ఫ్యూజుల పెట్టె మూత వెనక ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. దీపం మూత తీయడానికి ఇనుము వాడకండి. చెల్లిపోయిన ఏటీఎం కార్డుకు పలుచని గుడ్డ చుట్టి అంచున దూర్చితే గీత పడకుండా వస్తుంది. మే నెల ఎండలో రోజంతా నిలిపిన కారైతే సాయంత్రం దాకా ఆగండి, ఏళ్ల తరబడి ఎండిన ప్లాస్టిక్ కొక్కేలు ఊరికే విరుగుతాయి. అప్పుడే ఆర్పిన బల్బునూ ముట్టుకోకండి, కాలుతుంది. ఫ్యూజు పోతే అదే రంగుది వేయండి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15. పెద్దది వేస్తే ఈసారి కాలేది తీగ.

నా రెండో తప్పు కొలత. పైకప్పు దీపంలో ఎక్కువగా ఉండేది రెండు కొసలా లోహపు టోపీలున్న గాజు గొట్టం, ఫెస్టూన్ అంటారు. ఇవి 31, 36, 39, 41 మిల్లీమీటర్ల పొడవుల్లో వస్తాయి. నేను కంటి అంచనాతో 36 తెప్పించాను, కావలసింది 31. రేకులు వంచి ఇరికించవచ్చు, కానీ వంగిన రేకు పట్టు వదిలితే గతుకు గతుకుకీ దీపం మినుకుమంటుంది. శనివారం పాత బల్బు జేబులో వేసుకుని రాణీగంజ్ వెళ్లాను. షాపాయన దాన్ని అరచేతిలో ఒకసారి దొర్లించి, స్కేలు కూడా పెట్టకుండా, “ముప్పై ఒకటి” అన్నాడు. డిక్కీలో, నంబరు ప్లేటు దగ్గర తరచుగా ఉండేది టి10 రకం, నేరుగా గుచ్చేది. దాంతో పేచీ లేదు.

రెండో ఆదివారం కొత్తది పెట్టాను, వెలగలేదు. తీసి అటుదిటు తిప్పి పెడితే వెలిగింది. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది, పాత బల్బుకు ఉండదు. అందుకే మూత బిగించే ముందే ఫ్యూజు పెట్టి ఒకసారి చూసుకోండి.

ఎంత వెలుగు కావాలన్నది మీ ఇష్టం గానీ, ప్యానెళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. వెనక రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబడే పలక అది. మా తమ్ముడు తన కారులో పెట్టించాడు, వేసవిలో టేపు జిగురు కరిగి పలక వాడి ఒళ్లో పడింది. రంగులోనూ 6000 కెల్విన్ (కాంతి రంగును కొలిచే లెక్క) తెలుపు కంటికి కొడుతుంది, రాత్రి అద్దంలో అదే మెరుస్తుంది. 4300 దగ్గరిది హాయిగా ఉంటుంది, శీలలు కూడా కనబడతాయి.

లాభం కేవలం వెలుగే కాదు. 10 వాట్ల పాత బల్బు రాత్రి పది గంటలు మరిచిపోతే ఎనిమిది ఆంపియర్ అవర్లకు (బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క) పైగా తాగేస్తుంది. 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీకి అది దాదాపు నాలుగో వంతు, అదీ పాతదైతే పొద్దున స్టార్ట్ కావడం కష్టమే. ఒక వాట్ ఎల్‌ఈడీ అందులో పదో వంతే తీసుకుంటుంది.

మీది కాస్త కొత్త కారైతే ఒక చిక్కు: తాళం వేశాక కూడా ఎల్‌ఈడీ సన్నగా మిణుకుతూ ఉండవచ్చు. కారు కంప్యూటర్ నుంచి లీకయ్యే ఆ కొద్దిపాటి కరెంటు పాత బల్బు తీగను వేడి చేయలేదు, ఎల్‌ఈడీకి మాత్రం చాలు. క్యాన్‌బస్ అని రాసి ఉన్న బల్బులో అదనంగా ఒక రెసిస్టర్ ఉంటుంది, చాలాసార్లు దాంతో ఆగిపోతుంది. ఆగకపోతే తీగలు కోయకండి, వారంటీ ఉంటే అసలు వద్దు.

పాత బల్బును కాగితంలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో దాచండి. ఇంజన్ నడుస్తుంటే వోల్టేజీ 14 దాటుతుంది, చవక ఎల్‌ఈడీలు దానికి తట్టుకోవు. నా మొదటి జత ఆరు నెలలకే పోయింది. కొత్తవి కొనేదాకా నెల రోజులు ఆ పచ్చ దీపంతోనే తిరిగాం, అమ్మ మాత్రం కారెక్కే ముందే కమ్మలు తీసి పర్సులో వేసుకునేది.